చేతి వాసన

నోరు తిరగని పేర్లు పెట్టడంలో ప్రభుత్వం వారిని మించినవాళ్ళు లేరు. ముసలివాళ్ళకు స్నానం చేయించి, తినిపించి, పక్క మార్చి, పడుకోబెట్టే పనికి ఆ ఏడాది వాళ్ళు "వయోవృద్ధ దైనందిన సంరక్షణ సహాయకురాలు" అని పేరు పెట్టారు. అంతకుముందు ఆ పనికి పేరే లేదు, చేసేవాళ్ళు మాత్రం ఉన్నారు. ఫిట్టరు దగ్గర, వడ్రంగి దగ్గర, కరెంటు పనివాడి దగ్గర అప్రెంటిస్‌లు ఉండటం అందరికీ తెలిసిందే. ఇప్పుడు ఆ వరసలో ఇంకొన్ని కొత్త పనులు చేర్చారనీ, వాటిలో ఇదొకటనీ, నేర్చుకునేవాళ్ళకు ఏడాది పాటు శిక్షణ, చివర్న పరీక్ష, సర్టిఫికెట్ ఉంటాయనీ వృద్ధాశ్రమం మేడం గారు హాల్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించారు.

చక్రాల కుర్చీలో కూర్చున్న కండక్టర్ తాత అంతా విని, "అంత పొడుగు పేరు పెట్టి పిలిచేలోపు నా పక్క తడిసిపోతుందమ్మా. నాకు పెద్దాయమ్మే చాలు," అన్నాడు. ఆయన ఒకప్పుడు బస్సు కండక్టరు. నడుం కింది భాగం చచ్చుబడినా నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

పెద్దాయమ్మ గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. ఆ ఆశ్రమంలో అందరికంటే పాత ఆయా ఆమే. ఆమెకు పని నేర్పినవాళ్ళంటూ ఎవరూ లేరు. చేరిన రోజున ఒకావిడ బకెట్టూ గుడ్డా చేతిలో పెట్టి, "ఆ గదిలో ఆయన లేవలేడు, చూసుకో," అని తన దారిన తాను వెళ్ళిపోయింది. అలా చూసుకుంటూనే జుట్టు నెరిసింది. చెయ్యి ఎక్కడ వేస్తే నొప్పి పుట్టదో, మాట పడిపోయినవాళ్ళు కళ్ళతో ఏం అడుగుతున్నారో, మింగలేనివాళ్ళకు గడ్డం ఎంత వంచాలో, అన్నీ తప్పులు చేసి చేసి తెలుసుకున్నవే. ఆ తప్పులు గుడ్డ మీదో చెక్క మీదో చేసినవి కావు, ఎవరో ఒకరి ఒంటి మీద చేసినవి. అవి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ అన్నం సయించదు.

మేడం గారు చదవడం ముగించి, "మన దగ్గరికి వచ్చే మొదటి అప్రెంటిస్‌కి నేర్పేది మీరే," అన్నారు. అంతవరకూ "నువ్వు" అన్న మనిషి ఆ రోజు "మీరు" అన్నారు. పెద్దాయమ్మకు ఒళ్ళు పులకరించింది. ఈ సంగతి ఒక్క మనిషికి చెప్పాలనిపించింది. ఆ మనిషి ఎక్కడో లేదు. అదే ఆశ్రమంలో, మేడ మీద చివరి గదిలో ఉంది. ఇప్పుడు చెప్పినా అర్థం కాదు, అర్థమయ్యే రోజుల్లో చెబితే వినేది కాదు.

ఆ మనిషి పెద్దాయమ్మ కన్నతల్లి.

తల్లీకూతుళ్ళ తగువు నిన్నా మొన్నటిది కాదు. భర్త పోయాక ఆవిడ కూతుర్ని కుట్టుపనిలో పెట్టింది. సూదిని నమ్ముకుంటే నలుగురిలో తలెత్తుకుని తిరగవచ్చని ఆవిడ ఆశ. కూతురికి ఆ విద్య అబ్బలేదు. కుడి చెయ్యి ఎడమవైపు కలిపి, కాలరు తిరగేసి కుట్టి, షాపు యజమాని చేత రోజూ అక్షింతలు వేయించుకుని, చివరికి ఎవరో చెబితే ఈ ఆశ్రమంలో ఆయాగా చేరింది. ఆ సంగతి తెలిసిన రోజున తల్లి వడ్డించిన కంచం తీసుకెళ్ళి గడప అవతల పెట్టింది. "ఎవరెవరివో ఎత్తిపోసిన చేతులు. నా గిన్నెలు ముట్టుకోకు," అంది.

ఆ తర్వాత కూతురి చేతి మంచినీళ్ళు ఆవిడ తాగలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా గోడ పట్టుకుని తానే లేచి వెళ్ళి ముంచుకుంది. ఆ చేతులు తెచ్చిన జీతంతో ఇల్లు గడవడానికి మాత్రం అభ్యంతరం రాలేదు. జీతానికి వాసన ఉండదు కాబోలు. ఇరుగుపొరుగు అడిగితే, "మా అమ్మాయి కుట్టుపని చేస్తుంది, పెద్ద షాపులో," అనేది. పక్కనే కూతురు నిలబడి ఉన్నా తడుముకునేది కాదు. కూతురు తల వంచుకునేది. పెళ్ళి చేసుకుంటే ఆ ఇంట్లో కూడా ఇదే అబద్ధం మొయ్యాలని ఆమె పెళ్ళి మాటే ఎత్తనివ్వలేదు. ఎత్తేవాళ్ళు కూడా పోను పోను తగ్గిపోయారు.

పెద్దతనంలో తల్లికి మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీద గిన్నెను మరిచిపోయింది, తర్వాత ఇంటి దారిని మరిచిపోయింది, ఆ తర్వాత కూతుర్నే మరిచిపోయింది. ఒంటరిగా వదిలి రాలేక పెద్దాయమ్మ మేడం గారి కాళ్ళావేళ్ళా పడి ఆశ్రమంలో చేర్పించుకుంది. సొంతవాళ్ళకు సొంతవాళ్ళు చెయ్యకూడదని అక్కడొక రూలుంది. మనసు చేతికి అడ్డం వస్తుందట. తిండి ఒక్కటి నువ్వు పెట్టుకో అని మేడం గారు దయతలిచారు.

ఆ దయ వృథా అయింది. చెంచా దగ్గరికి తేగానే తల్లి ముక్కుపుటాలు అదిరేవి. ఆశ్రమంలో ఆయాలు వాడేది ఒకటే మందుసబ్బు. దాని వాసన గోళ్ళలోకి, చర్మంలోకి దిగిపోతుంది, ఎంత కడిగినా పోదు. ఆ వాసన తగిలితే చాలు, పెదవులు బిగించి మొహం గోడవైపు తిప్పేసుకునేది. పేర్లు పోయాయి, మనుషులు పోయారు, ఆ ఏవగింపు ఒక్కటే చెక్కు చెదరకుండా మిగిలింది. మిగతా ఆయాల చేతులూ అలాగే ఉంటాయి కాబట్టి ఎవరు పెట్టినా అదే తంతు. వంటావిడను పంపి చూశారు, ఆమెకూ నోరు తెరవలేదు. మనిషి మంచానికి అతుక్కుపోయింది. ఆశ్రమంలో అందరికీ బతిమాలో బామాలో తినిపించే పెద్దాయమ్మ కన్నతల్లి నోట్లో నాలుగు చెంచాల జావ పోయలేకపోయింది.

అప్రెంటిస్ వచ్చింది అప్పుడే. అప్రెంటిస్ అంటే లేత పిల్ల వస్తుందనుకున్నారందరూ. వచ్చింది ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదట. ఫ్యాక్టరీ మూతపడటంతో, ఈ వయసులో కొత్త పని నేర్పేవాళ్ళు ఎవరున్నారా అని వెతుక్కుంటూ వచ్చింది. పొద్దున్నే ఇంట్లో మిషన్ మీద చుట్టుపక్కలవాళ్ళ బట్టలు నాలుగు కుట్టి, ఆ చేత్తోనే పనికి వచ్చేది. కండక్టర్ తాత ఆమెను ఎగాదిగా చూసి, "టైలరమ్మా, నా ఒంటికి కూడా కాస్త కొలతలు తీసి బిగించు," అన్నాడు. ఆ పేరు ఆమెకు అలా స్థిరపడిపోయింది.

"ముందు చెప్పు, తర్వాత ముట్టుకో," అని పెద్దాయమ్మ మొదటి పాఠం మొదలుపెట్టింది. "వినబడనివాళ్ళకైనా సరే చెప్పాలి. చెప్పకుండా చెయ్యి వేస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది."

"ఏం చెప్పాలక్కా?"

"ఏం చెయ్యబోతున్నావో అదే. చెయ్యి ఎత్తుతానండీ, ఇటు తిప్పుతానండీ అని. చుట్టపక్కాలని పలకరించినట్టు పలకరించు."

మధ్యాహ్నం టైలరమ్మ జావ గిన్నె పట్టుకుని మేడ మీద చివరి గదిలోకి వెళ్ళింది. ఆవిడ ఎవరో, ఎందుకు తినదో పెద్దాయమ్మ ముందే చెప్పి పంపింది. తాను లోపలికి వెళ్ళకుండా తలుపు దగ్గర నిలబడింది.

"మామ్మగారూ, కాస్త జావ తెచ్చానండీ. తాగుతారా?"

ముసలావిడ చెయ్యి చాపి ఆమె చేతిని పట్టుకుంది. చూపుడు వేలి కొనను బొటనవేలితో నెమ్మదిగా తడిమింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయ కట్టిన వేలది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. పొద్దున మిషన్‌కు వేసిన నూనె వాసన ఇంకా పోలేదు.

"ఇంత ఆలస్యమైందేం? షాపులో పని ఎక్కువా?" అంది ముసలావిడ.

టైలరమ్మ ఖంగుతిని తలుపు వైపు చూసింది. ఊఁ అనమన్నట్టు పెద్దాయమ్మ తల ఊపింది.

"ఊఁ," అంది టైలరమ్మ.

"వేళకి ఇంత తిని వెళ్ళమంటే వినవు కదా," అని ముసలావిడ నోరు తెరిచింది.

గిన్నె ఖాళీ అయ్యేదాకా తెరుస్తూనే ఉంది. పెద్దాయమ్మ వరండా కటకటాలు పట్టుకుని నిలబడిపోయింది. అమ్మ తిన్నది, ఇక బతుకుతుంది, అంతకంటే ఏం కావాలని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నా కళ్ళు ఊరుకోలేదు. ఎలాంటి కూతురు కావాలని తల్లి జన్మంతా ఎదురు చూసిందో ఆ కూతురు ఇవాళ వచ్చింది. ఎదురుగా అసలు కూతురు ఉండగానే వచ్చింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ముసలావిడ బుగ్గలు కాస్త నిండాయి. టైలరమ్మ చురుకైన మనిషి. పక్క గుడ్డలు ముడత లేకుండా పరవడం, మందులు వేళకివ్వడం, గొంతులో పడకుండా తినిపించడం ఇట్టే పట్టుకుంది. ఒకరోజు పెద్దాయమ్మ ఆమె చేత మొదటిసారి ఒకరికి స్నానం చేయించింది. పని కాగానే మందుసబ్బుతో మోచేతుల దాకా కడుక్కోమంది. ఆ చేతులతోనే టైలరమ్మ మేడ మీదికి జావ పట్టుకెళ్ళింది. ముసలావిడ వాసన చూసి, పెదవులు బిగించి, గోడవైపు తిరిగింది. రాత్రి దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

మర్నాడు పెద్దాయమ్మ, "నువ్వు ఈ వారం వంటగదీ, పక్క గుడ్డలూ చూసుకో. స్నానాలు నేను చూసుకుంటాను," అంది.

టైలరమ్మ చేతి వాసన వదలగానే ముసలావిడ మళ్ళీ నోరు తెరిచింది. ఆ వారం నెలైంది, నెలలైంది. ఇక్కడ పెద్దాయమ్మను వెనకేసుకు రావడం కష్టం. స్నానాలు, పక్క మార్చడాలు, పుండ్లు కడగడాలు, అసలు పనంటే ఏదో అదంతా ఆమె తన వాటాతో పాటు టైలరమ్మ వాటా కూడా తానే చేసింది. నడుం విరిగిపోతున్నా చేసింది. టైలరమ్మ, "నాకూ చూపించండక్కా," అంటే, "తొందరేముంది, నేర్చుకుందువుగాని," అనేది. చూసేవాళ్ళకు అది జాలిలా కనిపించింది. టైలరమ్మకు కూడా అలాగే కనిపించింది. నిజానికి తల్లికి తినిపించే చేతులు పాడవకుండా దాచుకోవడమే ఆమె చేసింది. ఆ చేతులు ఇంకొకరివనీ, వాటికీ ఒక బతుకు కావాలనీ ఆమెకు తెలియక కాదు. తెలిసే చేసింది.

సాయంత్రాలు ఇద్దరూ డాబా మీద ఆరిన దుప్పట్లు మడత పెట్టేవారు. చెరో అంచూ పట్టుకుని దగ్గరికి వస్తూ, దూరం జరుగుతూ ఉండగా పెద్దాయమ్మ అడిగేది: "ఇవాళ ఏమంది?"

"చిన్నప్పుడు మీకు జడ వెయ్యాలంటే ఇల్లంతా పరుగెత్తించేవారట. మామ్మగారు దువ్వెన పట్టుకుని మీ వెనకాలే తిరిగేవారట."

"నిజమే. ఇంకా?"

"అరటిపండు తొక్క పూర్తిగా తీసేస్తే ఏడ్చేవారట."

పెద్దాయమ్మ నవ్వేది. తన చిన్నతనాన్ని ఇంకొకరి నోట ముక్కలు ముక్కలుగా విని, అవే మూట కట్టుకుని ఇంటికి వెళ్ళేది. రెండో రోజుకి మళ్ళీ ఆకలితో వచ్చేది. ఒక సాయంత్రం మాత్రం టైలరమ్మ దుప్పటి అంచు పట్టుకుని దగ్గరికి రాకుండా నిలబడిపోయింది.

"చెప్పు," అంది పెద్దాయమ్మ.

"వద్దులెండక్కా."

"ఫరవాలేదు, చెప్పు."

"ఆ పాడుపని మానేశావు, నా కడుపు చల్లబడింది, అన్నారు."

పెద్దాయమ్మ దుప్పటి అంచుకు అంచు కలిపి మడిచింది. "బాగా తిన్నదా?" అని అడిగింది.

"తిన్నారు. అక్కా, నేను కాదు, మీరే కూతురని ఒక్కసారి చెప్పేయనా?"

"చెప్పకు. చెబితే మళ్ళీ నోరు కట్టేసుకుంటుంది."

అలా నెట్టుకొస్తూ ఉండగా ఒకనాడు పెద్దాయమ్మకు ఒళ్ళు తెలియని జ్వరం వచ్చి ఇంట్లో పడిపోయింది. ఆ పూట ఉండాల్సిన ఇంకో ఆయా సెలవులో ఉంది. కండక్టర్ తాత పక్క తడిసింది. పిలవగా పిలవగా టైలరమ్మ వెళ్ళింది. మనిషిని తిప్పాలంటే ఒక చెయ్యి భుజం వెనక, ఒక చెయ్యి తుంటి వెనక వేసి, ఒళ్ళంతా ఒక్కసారిగా దొర్లించాలి. అది ఆమెకు ఎవరూ చూపించలేదు. కింద పడినవాళ్ళను లేపినట్టు రెండు చేతులూ పట్టి లాగింది. ముసలి భుజం గూటిలోంచి జారింది. ఆయన కేక వరండా చివరి దాకా వినబడింది.

జ్వరం తగ్గి పెద్దాయమ్మ వచ్చేసరికి తాత చెయ్యి మెడకు వేలాడదీసిన పట్టీలో ఉంది. "చూడు పెద్దాయమ్మా, దిగే చోటు రాకముందే టైలరమ్మ నన్ను దింపేయబోయింది," అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే నొప్పికి ఆగిపోయింది. టైలరమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తోంది. "నాకు తెలియదక్కా. మీరు చూపించలేదు," అంది. ఆ మాటలో నిష్టూరం లేదు. ఉంటే పెద్దాయమ్మ కాస్త తట్టుకునేదేమో.

మేడం గారు పెద్దాయమ్మను గదిలోకి పిలిచారు. "ఇన్ని నెలల తర్వాత పక్క మార్చడం కూడా రాకపోతే ఎలా? ఈవిడను పంపించేద్దాం. కొత్త పని కదా, అందరికీ అబ్బదు. ఇంకొకరిని ఇవ్వమని అడుగుదాం," అన్నారు.

ఊరుకుంటే చాలు. తప్పు టైలరమ్మ మీదికి పోతుంది. కానీ టైలరమ్మ కూడా పోతుంది, ఆమెతో పాటు అమ్మ నోటి ముందుకు వెళ్ళే చెంచా పోతుంది. పెద్దాయమ్మ మనసులో ముందు మెదిలింది ఆ చెంచాయే. అది మెదిలినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలను పెట్టుకుని, మూతపడిన ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చిన మనిషి, ఈ పని కూడా రాదనిపించుకుని ఇంటికి పోవాలి.

"ఆమెకు అబ్బకపోవడం కాదండీ. నేను నేర్పలేదు," అంది.

"ఎందుకు నేర్పలేదు?"

"చేతులకు సబ్బు వాసన పడితే మా అమ్మ ఆమె చేతి తిండి తినదని."

మేడం గారు తిడితే బాగుండునని పెద్దాయమ్మకు అనిపించింది. ఆవిడ తిట్టలేదు. "పరీక్షకి ఇంకా వ్యవధి ఉంది. మీరు నేర్పుతారా, లేకపోతే ఇంకో చోటికి పంపమంటారా? ఇప్పుడే చెప్పండి," అన్నారు.

"నేనే నేర్పుతాను," అంది పెద్దాయమ్మ. ఆ మాట అంటున్నప్పుడు తన చేత్తో తానే మేడ మీద చివరి గది తలుపు మూస్తున్నట్టుందామెకు. అయినా అంది.

మర్నాటి నుంచి టైలరమ్మకు ఊపిరి సలపలేదు. పొద్దున్నే స్నానాలు, ఆ తర్వాత పుండ్లు కడగడం, మధ్యాహ్నం పక్క మార్చడం. పెద్దాయమ్మ తానే మంచం మీద పడుకుని, ఒళ్ళు వదిలేసి, "ఇప్పుడు తిప్పు. చెప్పి తిప్పు. నా మెడ వేలాడింది చూడు, మళ్ళీ తిప్పు," అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. తనకు తెలిసిందంతా, తప్పులు చేసి నేర్చుకున్నదంతా, ఆ తప్పులతో సహా విప్పి చెప్పింది. ప్రతి పనికీ ముందోసారి, తర్వాతోసారి మందుసబ్బుతో చేతులు కడిగించింది. నురగ మోచేతుల దాకా పట్టిందో లేదో దగ్గరుండి చూసింది. మేడ మీదికి ఆ నురగ ఏం మోసుకుపోతుందో ఆమెకు తెలుసు. "మామ్మగారికి ఎలాగక్కా?" అని టైలరమ్మ అడిగితే, "గోళ్ళ సందుల్లో కూడా రుద్దు," అంది.

వాసన పోగొట్టడానికి చెయ్యని ప్రయత్నం లేదు. నిమ్మతొక్క రుద్దించింది, మిషన్ నూనె రాయించింది. చేతి తొడుగులు తొడిగిస్తే రబ్బరు వాసనకు ముసలావిడ ఇంకా దూరం జరిగింది. నూనె వాసన పైకి తేలిన పూట నాలుగు చెంచాలు తాగేది, లేని పూట గోడవైపు తిరిగేది. పని ఎక్కువై టైలరమ్మకు ఇంటి దగ్గర మిషన్ తొక్కే తీరిక కూడా పోయింది. వేలి కొన మీది కాయ మెత్తబడుతూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం ముసలావిడ ఆ వేలిని అలవాటుగా తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని, వదిలేసింది. పెద్దాయమ్మ తలుపు దగ్గరే ఉంది.

"మళ్ళీ అక్కడికే వెళ్ళావా?" అంది ముసలావిడ.

టైలరమ్మ ఆ చేతిని కొంగు కింద దాచుకుంది.

"మానేశానన్నావు కదే. బంగారంలాంటి చేతులు. ఎవరూ దిక్కులేనట్టు ఆ పనికెందుకు వెళ్ళావు? నేను బతికే ఉన్నాను కదా."

ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. గొంతు రాని, కన్నీళ్ళు కూడా సరిగా రాని ఏడుపు. పెద్దాయమ్మ కొయ్యబారిపోయింది. కంచం గడప అవతల పెట్టిన రోజున తల్లి మొహంలో ఆమె చూసింది కోపం, రోత. ఏడుపు చూడలేదు. ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని ఇలాగే ఏడ్చి ఉంటుందా? ఏడ్చే ఉంటుంది. ఇన్నేళ్ళూ అసహ్యం అనుకుని మోసినదాని అడుగున ఇంత దుఃఖం ఉందని తెలిస్తే, ఒక్కసారైనా వెళ్ళి ఆ తలుపు తట్టి ఉండేది. ఇప్పుడు తెలిసి ఏం లాభం?

ఆమె లోపలికి వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "వెళ్ళింది ఆ అమ్మాయి కాదమ్మా. నేను. నాకు ఆ పని బాగుంది. నేనిప్పుడు ఇంకొకరికి నేర్పుతున్నాను," అంది. ఎప్పటినుంచో చెప్పాలనుకున్న మాట అదే. చెప్పింది.

ముసలావిడ ఆ మొహం వంక ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత గోడవైపు తిరిగింది.

ఆ తర్వాత ఆవిడ ఎవరికీ నోరు తెరవలేదు. ముక్కులోంచి గొట్టం వేద్దామన్నారు డాక్టరు గారు. పెద్దాయమ్మ వద్దంది. మూసుకున్న నోటిని బలవంతాన తెరవకూడదని ఆమె అందరికీ చెప్పే మాట. ఇంకొకరి తల్లి విషయంలో ఒకటి, సొంత తల్లి విషయంలో ఒకటి చెప్పలేకపోయింది. ఇంటికి వెళ్ళాక దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. తెల్లారితే వచ్చి, తడిగుడ్డతో పెదవులు తడపమని టైలరమ్మకు చెప్పి, తాను గుమ్మంలో నిలబడేది.

అయిదారు రోజులకే వచ్చిన పరీక్ష రోజున ఎవరి పక్క మార్చి చూపించాలని పరీక్షాధికారి అడిగితే, కండక్టర్ తాత కట్టు విప్పిన చెయ్యి ఎత్తాడు. "నన్నే తిప్పించండి. ఒకసారి పాడు చేసింది, బాగు చేసిందో లేదో నేను కూడా చూడాలి," అన్నాడు. టైలరమ్మ ఆయన చెవి దగ్గర వంగి, "ఇటువైపు తిప్పుతానండీ తాతగారూ," అని చెప్పింది. భుజం వెనక ఒక చెయ్యి, తుంటి వెనక ఒక చెయ్యి వేసింది. ఆయన కిమ్మనకుండా దొర్లాడు. స్నానం, పుండు కడగడం, తినిపించడం అన్నీ ఒక్కొక్కటే చేసి చూపించింది. ఎక్కడా తడబడలేదు. పరీక్షాధికారి బాగుందన్నట్టు తలాడించాడు. ఆ కొత్త పనిలో ఆ ఆశ్రమం నుంచి నెగ్గిన మొదటి మనిషి ఆమె. పెద్దాయమ్మకు వంగి దణ్ణం పెట్టబోతే, పెద్దాయమ్మ ఆపి దగ్గరికి తీసుకుంది. ఇద్దరి చేతులూ ఒకటే వాసన వేస్తున్నాయి.

మర్నాడు పొద్దున మేడ మీద చివరి గదిలో ముసలావిడ పోయింది. అప్పుడు దగ్గర ఎవరూ లేరు. పెద్దాయమ్మ కింద ఇంకొకరికి జావ తాగిస్తోంది. ఎవరో వచ్చి చెవిలో చెబితే, చివరి గుక్క గొంతు దిగేదాకా ఆగి, మూతి తుడిచి, గిన్నె పక్కన పెట్టి లేచింది.

ఆఖరి స్నానం కూడా ఆ పనిలో భాగమే. టైలరమ్మ గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, తలుపు దగ్గరగా వేసి, గుడ్డ తడిపింది. "మీరు బయట కూర్చోండక్కా, నేను చేస్తాను," అంది.

"ఇవాళ నన్ను చెయ్యనీ," అంది పెద్దాయమ్మ.

ఆమె మూల ఉన్న సింకు దగ్గరికి వెళ్ళి, ఎప్పటిలాగే మందుసబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. వచ్చి మంచం పక్కన నిలబడి, "మొహం కడుగుతానమ్మా," అని చెప్పింది. నుదురు తుడిచింది, కళ్ళ కొసలు తుడిచింది, పెదవులు తుడిచింది. ఇన్నేళ్ళ తర్వాత తల్లి ఒంటి మీద ఆమె చెయ్యి పడింది. తల్లి మొహం తిప్పుకోలేదు. పెదవులు బిగించలేదు. గడ్డం కింద వేళ్ళు వేసి ఎటు తిప్పితే అటు తిరిగింది. పెద్దాయమ్మ గుడ్డ పట్టుకుని అలాగే ఆగిపోయి, ఒక్కసారి, ఒక్కసారి వద్దను అమ్మా అని ఆ మొహాన్ని అడిగింది.